ప్రకృతులు ఏడా, ఒకటా? చరక విమానస్థానంలోని ఒక నిరాకరణ

ఈ ఉపన్యాసం డాక్టర్ ఆచంట లక్ష్మీపతి స్మృతికి అంకితం. పాశ్చాత్య వైద్యంలో పట్టా పొంది, పిమ్మట పండిత దీవి గోపాలాచార్యుల వద్ద ఆయుర్వేదం అభ్యసించిన ఆ మహనీయుని జీవితం సభాసదులకు తెలిసినదే కనుక ఇక్కడ విస్తరించవలసిన పని లేదు. ఆయన జీవితమంతా ఆరోగ్యబోధకు వెచ్చించగా, 1946లో ప్రకాశం మంత్రివర్గంలో ప్రజారోగ్యశాఖ ఆయన భార్య రుక్మిణీ లక్ష్మీపతికి దక్కింది. చెన్నైలో వీధికి నిలిచిన పేరు కూడా ఆమెదే. ఆ దంపతుల భోజనవేళ సంభాషణ ఎలా సాగేదోనన్న కుతూహలం వక్తకు ఏనాటినుంచో ఉన్నది గాని, ప్రస్తుత విషయం అది కాదు.

ప్రకృతి అనగా గర్భధారణనాటినుంచి మనిషిని అంటివచ్చే దేహస్వభావం. వాత పిత్త కఫాలనే దోషాలలో ఒక్కొక్కటి ప్రబలితే మూడు, రెండేసి కలిస్తే మూడు, అన్నీ సమంగా ఉంటే ఒకటి, వెరసి ఏడు ప్రకృతులని సుశ్రుతుడు శారీరస్థానంలో లెక్కించాడు. వాతం గలవాడు చప్పున గ్రహించి చప్పున మరచేవాడనీ, పిత్తం గలవాడు వేడికి ఓర్వలేడనీ, వానికి జుట్టు త్వరగా నెరుస్తుందనీ, కఫం గలవాడు నింపాదిగా నడిచి నిలకడగా ఉండేవాడనీ ఏ పాఠ్యపుస్తకం తెరిచినా కనబడుతుంది. మనఃస్వభావానికి చరకుడు శారీరస్థానం నాలుగవ అధ్యాయంలో వేరే పదహారు విధాలు, అంటే సాత్త్వికాలు ఏడు, రాజసాలు ఆరు, తామసాలు మూడు చెప్పి ఉండగా, మనసును కూడా మూడు దోషాల గడులలోనే ఇరికించడం నేటివారి తొందరపాటు.

అసలు వివాదం చరకసంహితలోని విమానస్థానం ఆరవ అధ్యాయంలో ఉన్నది. మనుషుల ఆహారం విషమంగా ఉంటుంది గనుక దోషాలు సమంగా ఉన్న మనిషే ఉండడనీ, అందుచేత కొందరు వాతప్రకృతులు, కొందరు పిత్తప్రకృతులు, కొందరు శ్లేష్మ (కఫ) ప్రకృతులనీ కొందరి మతాన్ని అక్కడ ఉదాహరించి, అది పొసగదని చరకుడు తోసిపుచ్చుతాడు. దోషాల సమత్వమే ఆరోగ్యం, ఆరోగ్యమే ప్రకృతి. దోషం పెచ్చు పెరిగిన స్థితికి ఆ పేరు చెల్లదు. లోకంలో వాతలులు, పిత్తలులు, శ్లేష్మలులు, అనగా పుట్టుకతోనే ఒక దోషం వైపు ఒరిగినవారు ఉన్నారు గాని, వారు ప్రకృతిస్థులు కారు అన్నది ఆయన సిద్ధాంతం. సూత్రస్థానం ఏడవ అధ్యాయం మరింత నిక్కచ్చిగా, దోషాలు సమంగా ఉన్న సములు మాత్రమే అనాతురులు (రోగం లేనివారు) అనీ తక్కినవారు సదా ఆతురులనీ చెబుతుంది.

దీనికి ప్రతివాదులు చూపే మొదటి ఆధారం సుశ్రుతుని కీటక దృష్టాంతం: విషంలో పుట్టిన పురుగును ఆ విషం చంపనట్లే పుట్టుకతో వచ్చిన దోషాధిక్యం మనిషిని బాధించదని. చావకపోవడం వేరు, ఆరోగ్యంగా ఉండడం వేరు. పైగా అదే దృష్టాంతాన్ని స్వీకరించిన వాగ్భటుడే వాతాన్ని హీనంగా, పిత్తాన్ని మధ్యమంగా, కఫాన్ని ఉత్తమంగా ఎంచి, సమప్రకృతిని శ్రేష్ఠమనీ రెండు దోషాల కలయికను నింద్యమనీ చెప్పడంవల్ల, ఏడూ సమాన గౌరవం గల రకాలన్న నేటి భావన ఆయన వద్ద కూడా నిలవదు. రెండవ ఆధారం బలమైనది. విమానస్థానం ఎనిమిదవ అధ్యాయంలో చరకుడే దోషప్రకృతి అన్న మాట వాడాడు. అయితే అక్కడి ప్రకరణం రోగి బలాన్ని అంచనా కట్టే దశవిధ పరీక్షకు సంబంధించినది. శ్లేష్మలులు బలవంతులు, దీర్ఘాయువులు, పిత్తలులు మధ్యములు, వాతలులు అల్పబలులు, అల్పాయువులు అన్న తీర్పును అది ఇస్తుంది. దానిని మనుషుల వర్గీకరణగా చదవడం సందర్భాన్ని విడిచి మాటను పట్టుకోవడమే.

ఇది పండితుల ముచ్చటగా మిగిలిపోయేది కాదు. హైదరాబాదులోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు పాల్గొని 2015లో ప్రచురించిన జన్యు అధ్యయనం 3,416 మందిని పరిశీలించి, ఒకే దోషం 60 శాతానికి మించినవారినుంచి 262 మంది పురుషులను ఎంచుకుని, పిత్తానికీ పీజీఎం1 అనే జన్యువుకూ సంబంధాన్ని సూచించింది. శ్రమ మెచ్చదగినదే. కాని చరకుడు ఆరోగ్యానికి కొలబద్దగా నిలిపిన సములకు ఆ ఎంపికలోనే చోటు లేకపోయింది. 2024 నవంబరులో దేశమంతటా మొదలైన ప్రకృతి పరీక్షా ప్రచారానికీ, సములకు చోటేదన్న ఈ ప్రశ్న వర్తిస్తుంది. అలాంటి పరీక్షలో వయసు మరొక చిక్కు తెస్తుంది. కదిలినప్పుడు కీళ్లు చప్పుడు చేయడం వాతలక్షణమని చరకుడు చెప్పిన మాట నిజమే గాని, వార్ధక్యంలో వాతం ప్రబలుతుందని అదే అధ్యాయంలో చెప్పినదీ ఆయనే. కాబట్టి అరవై అయిదేళ్ల మనిషి మోకాలి చప్పుడు అతని పుట్టుకను చెబుతున్నదో, వయసును చెబుతున్నదో వేరుచేయని ప్రశ్నావళి ప్రకృతిని కొలవదు.

విమానస్థానం ఆరు, ఎనిమిది అధ్యాయాలకు వక్త ప్రస్తుతం సిద్ధం చేస్తున్న తెలుగు వ్యాఖ్యానం ఈ భేదాన్ని ఆధారంగా చేసుకుని, ముందు సమత్వాన్నీ, తరువాత దోషపు మొగ్గునూ, వయసునూ ఋతువునూ విడివిడిగా నమోదుచేసే పరీక్షాపత్రాన్ని అనుబంధంగా చేరుస్తుంది. అచ్చుప్రతుల పాఠాలను తెలుగు లిపిలోని తాళపత్రాలతో సరిచూడవలసి ఉన్నది గనుక, పూర్వులనుంచి వచ్చిన చరకసంహిత ప్రతులు ఇళ్లలో ఉన్న వైద్యకుటుంబాలవారు ఛాయాచిత్రాలు తీసుకోనివ్వవలసిందని విజ్ఞప్తి. ప్రతులు గడప దాటనవసరం లేదు. పని వారి ఇంట్లోనే ముగుస్తుంది.