నియమములు పుట్టు విధము
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



 మేము బడిపంతులుగా నాయుష్యమును గడపినవారము, న్యాయశాస్త్రవేత్తలము గాము. అయినను వ్యాకరణము చదివినవారమగుటచే సూత్రమొక యక్షరము మాఱిన నెంత మాఱునో యెఱుగుదుము. ఆ యెఱుకతోడనే ప్రభుత్వనియమములు పుట్టు విధమునుగూర్చి ప్రసంగింప సాహసించుచున్నాము.

శాసనసభ చేయునది చట్టము. దానిని నడపుటకై ప్రభుత్వశాఖలు చేయునవి నియమములు, అనగా మన వాడుకలోని రూల్సు. చట్టమును సభ్యులు నలుగురియెదుట చర్చింతురు. నియమము కచేరిలో వ్రాయబడి గెజెట్టులో వెలువడును. కాని సామాన్యుని గుమ్మము తట్టునది నియమమే. కులధ్రువపత్రముల జారీనిగూర్చి ఆంధ్రప్రదేశ శాసనసభ 1993లో 16వ చట్టమును జేసెను. దాని నియమములు 1997లో వచ్చినవి. ఫారము లెట్లుండవలెను, విచారణ యెట్లు జరుగవలెను అనునవి నియమములు చెప్పవలసినవే. ఎందఱి పిల్లల చదువులో యట్టి ఫారములపై నాధారపడియున్నవి గదా!

మేము పనిచేసిన యొక పల్లెలో బుద్ధిమంతుడగు బాలు డొకడు విద్యార్థివేతనమునకు దరఖాస్తు పెట్టెను. ఆ యేడు క్రొత్తగా నొక పత్రమును జతపఱుపవలెనను నియమము వచ్చినది. ఆ సంగతి మా బడికి దెలియునప్పటికి గడువు సమీపించినది. తండ్రి కూలి మానుకొని మూడుమాఱులు మండల కచేరికి దిరిగెను. పత్రము చేతికి వచ్చునాటికి గడువు దాటినది. బాలుడు చదువు చాలించెను. అచ్చటి గుమాస్తా దుర్మార్గుడు గాడు; నియమమునే పాటించెను. దానిని వ్రాసినవారును దుర్మార్గులు గారు. పల్లెలో నా పత్రము దొరకుట కెన్నిదినములు పట్టునో వారికి జెప్పినవారు లేరు. ముందుగా నడిగియున్నచో మేమే యొక పోస్టుకార్డుపై వ్రాసి పంపియుందుము.

ఈ ముందుగా నడుగుట క్రొత్త విషయము గాదు. మన దేశపు 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టము 23వ విభాగమున, ముసాయిదాను ముందుగా బ్రకటించి యాక్షేపణలను బరిశీలింపవలయునని కలదు. కాని మూలచట్టము ముందస్తు ప్రకటనను విధించినచోటనే యది వర్తించును. అమెరికావారు 1946లో నిందులకై ప్రత్యేకముగా నొక చట్టమును జేసికొనిరి. మన కేంద్రప్రభుత్వము 2014లో, ముసాయిదాలను కనీసము 30 దినములు ప్రజలయెదుట నుంచవలెనని తన శాఖలకు సూచించెను. అది చట్టము గాదు. టెలిఫోను కాల్‌డ్రాపు నిబంధనను 2016లో గొట్టివేయుచు సుప్రీంకోర్టు, అమెరికాచట్టమువంటి దానిని బార్లమెంటు యోచింపవలెనని పలికెను.

భాషమాటయు గలదు. పర్యావరణ ప్రభావమునుగూర్చిన ముసాయిదా 2020లో నింగ్లీషు, హిందీలలో వెలువడెను. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని భాషలన్నిటిలోనికి దానిని దెనిగింపుడు, అనువదింపుడని ఢిల్లీ హైకోర్టు జూన్ 30వ తేదీన నాజ్ఞాపించెను. ఆ భాషలలో మన తెలుగు నొకటి. చదువరాని భాషలో నడుగుట యడుగకుండుటయే.

పాణినీయమున విధిసూత్రములే గాక పరిభాషాసూత్రములును గలవు. విధి కార్యమును జెప్పును. విధుల నెట్లు గ్రహింపవలెనో పరిభాష చెప్పును. పరిభాష లేనిచో విధులు తమలో దాము కలహించును. మన రెండు తెలుగు రాష్ట్రములందును విధులకు గొఱతలేదు. వానిని జేయు పద్ధతికి జక్కని పరిభాష కావలసియున్నది. దానిని రచించుటకై యొక్కొక్క రాష్ట్రము నొక టాస్కుఫోర్సును నియమించి, దానికి బడ్జెట్టులోనే ప్రత్యేకముగా ద్రవ్యము కేటాయింపవలయునని మా విన్నపము. ద్రవ్యము లేని సంఘమునకు అనువాదకులు లేరు, అచ్చు లేదు, పల్లెలకు బోవు దారిఖర్చు లేదు, వచ్చిన యుత్తరములను జదివి యేది యేల గ్రహించితిమో, యేది యేల విడిచితిమో ప్రత్యుత్తర మిచ్చువారు లేరు. దాని నివేదిక బీరువాలో నిద్రించును.

ఇది కాలహరణమని కొంద ఱనవచ్చును. వఱదలు, అంటువ్యాధులు వచ్చినపుడు ముప్పది దినములు వేచియుండుట తగదు, నిజమే. అప్పుడు నియమమును వెంటనే చేయవచ్చును, కాని దానికి గడువు పెట్టి తరువాత నైనను ప్రజల మాట వినవలెను. వ్యయమందురా? తొందరపడి చేసిన నియమమును మాటిమాటికి సవరించుట, కోర్టులలో సమర్థించుట వ్యయము గాదా?

మహాశయులారా! ఏటేట మనము ఈ నియమమును మార్పుడు, ఆ సౌకర్యము నిండని తీర్మానములు చేయుచున్నాము. ఈ యేడు నియమములు వచ్చు దారినే చక్కజేయుడని యొక తీర్మానము చేయుదము. పోషకమహాశయులు గెజెట్టును జదివి ముసాయిదాలను దెలుగున దెలియజెప్పు నొక యువకునికి మన సంఘనిధినుండి జీత మేర్పాటు చేయుదురుగాక. వినుటకు బ్రభుత్వము సిద్ధపడిననాడు చెప్పుటకు మనము సిద్ధముగా నుండవలదా?

మేము చెప్పిన బాలుడు మన కులమువాడు గాడు. అయినను వాని ముఖము మాకిప్పటికిని మఱపురాదు. గడువు దాటించు నియమమునకు గులభేదము లేదు. కావున దీనిని జక్కజేయు యత్నమునకును అట్టి భేద ముండరాదని మనవిచేసి విరమించుచున్నాము.

స్వస్తి.