‘షుగర్ ఫ్రీ’ మాటున కాలరీలు



మన కోదాడలో ఏ కిరాణా దుకాణానికి వెళ్ళినా ‘షుగర్ ఫ్రీ’, ‘డైట్’ అని రాసిన బిస్కట్లు కనిపిస్తాయి. ఇంట్లో షుగర్ జబ్బున్న అత్తగారో, మామగారో ఉంటే, ‘పోనిద్దూ, చక్కెర లేదుగా’ అని టీతో పాటు ఓ ఆరు పెట్టేస్తాం. చక్కెర లేనంత మాత్రాన కాలరీలు లేనట్టు కాదమ్మా!

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో ఈ సంగతే హెచ్చరించింది. షుగర్ ఫ్రీ పదార్థాల్లో కొవ్వు, మైదా, మాల్టిటాల్ వంటి దాగున్న తీపి పదార్థాలు ఎక్కువగా ఉండవచ్చునట. గ్రాము చక్కెరకు 4 కాలరీలైతే, గ్రాము నూనెకు 9!

అందుకని పొట్లం వెనక్కి తిప్పి చూడండి. ఏ దినుసు బరువు ఎక్కువో దాని పేరే ముందు రాస్తారు. మైదా, పామాయిలు ముందుంటే సంగతి తెలిసిపోతుంది. ఇక, 100 గ్రాములకు 480 కాలరీలని ఉందనుకోండి. 10 గ్రాముల బిస్కట్లు ఆరు తింటే 288 అవుతాయి. 80 గ్రాముల జొన్నపిండితో చేసిన రెండు రొట్టెల్లో ఉండేవి సుమారు 270 మాత్రమే. రొట్టెలతో పూట గడుస్తుంది, బిస్కట్ల తర్వాత మళ్ళీ భోజనం ఉండనే ఉంటుంది! పైగా మైదా కూడా రక్తంలో చక్కెరను పెంచేదే.

కాబట్టి ఆ చిన్న అక్షరాలు, కళ్ళజోడు పెట్టుకునైనా సరే, చదివాకే సంచీలో వేసుకోండి. సెలవు.