సంత తెరిచారా? బడి తెరిచారా?
(ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆఫ్రికాలో చాద్ సరస్సు ఉంది. నైజీరియా, నైజర్, చాద్, కామెరూన్ - నాలుగు దేశాల హద్దులు అక్కడ కలుస్తాయి. చేపలు పట్టేవాళ్లు, పశువులు కాసేవాళ్లు, మిరప పండించేవాళ్లు ఆ నీళ్లమీదే బతుకుతారు. 1960లలో పాతికవేల చదరపు కిలోమీటర్లున్న సరస్సు 1980లకల్లా పదోవంతుకు కుంచించుకుపోయింది.

2009లో బోకోహరాం నాయకుడు మహమ్మద్ యూసుఫ్ మైదుగురిలో పోలీసు కస్టడీలోనే చచ్చిపోయాడు. కోర్టు లేదు, విచారణ లేదు. ఆ తర్వాత ఆ ముఠా ఇంకా క్రూరంగా తయారైంది. 2014 ఏప్రిల్‌లో చిబోక్ బడి నుంచి 276 మంది ఆడపిల్లల్ని ఎత్తుకుపోయింది. పంతుళ్లం మేం, ఆ లెక్క ఎట్లా మర్చిపోతాం?

సరిహద్దు దొంగల్ని పట్టడానికి 1998 నుంచే నైజీరియా, నైజర్, చాద్‌ల ఉమ్మడి బలగం ఒకటి ఉండేది. 2015 జనవరి 3న బాగా పట్టణంలోని దాని స్థావరమే బోకోహరాం చేతికి చిక్కింది. అప్పటికి నైజర్, చాద్ సైనికులు అక్కడ లేరు. పేరేమో ఉమ్మడిది, కాపలా ఒక్కరిది!

ఆ నెలాఖరున ఆఫ్రికన్ యూనియన్ అనుమతి ఇచ్చింది. బెనిన్‌తో కలిపి ఐదు దేశాల బలగం తయారైంది. ఎన్‌జమేనాలో దాని కేంద్రం. ఆ ఏడాది సైన్యాలు చాలా ఊళ్లు విడిపించాయి. ఈ మాట దాచం. బడిమీద తుపాకీతో పడేవాణ్ణి ఆపడానికి బలగం కావల్సిందే.

అయితే అదే 2015లో నైజర్‌లోని డిఫా ప్రాంతంలో ఏం జరిగింది? చేపల, మిరప డబ్బు ముఠాకి చేరుతోందని ఆ వ్యాపారమే ఆపేశారు. మోటారుసైకిళ్లు నిషేధించారు. అక్కడి జనం ఎర్రబంగారం అని పిలుచుకునే పంట అది. మిర్చి యార్డు మూస్తే కాయలు కోసే కూలీకి ఏమవుద్దో మీకు చెప్పాలా? బండి తోలి బతికే కుర్రాడికి పని పోతే, వాడి దగ్గరికి ముందు వచ్చేది ముఠావాడే.

తుపాకీ ఒక్కటే చాలదని ఆ ప్రభుత్వాలే 2018లో ఒప్పుకుని పునరుద్ధరణ ప్రణాళిక రాసుకున్నాయి. 2023లో నైజర్‌లో సైన్యం గద్దెనెక్కింది, పొరుగు దేశాలతో చెడింది. 2025 మార్చిలో నైజర్ ఆ బలగం నుంచి తప్పుకుంటున్నానంది. పాలకుల పొత్తు పాలకుల చేతుల్లోనే. ఒడ్డున జాలరి మాత్రం ఎక్కడికి తప్పుకుంటాడు?

అందుకే శాంతి వచ్చిందని ఎవరు చెప్పినా మనం మూడు ప్రశ్నలు అడుగుదాం. సంత తెరిచారా? బడి తెరిచారా? పట్టుకున్నవాణ్ణి కోర్టుకు తెచ్చారా?