తెరమీది రంగు – కాగితముమీది రంగు

గత సంవత్సరము మా అన్నగారి ఆబ్దికమునకు వారి ఛాయాపటమును పెద్దదిగా తీయింపదలచితిమి. మనుమని సెల్‌ఫోనులో వారి ముఖము చామనచాయతో ప్రసన్నముగా నుండెను. ఇంటి ప్రింటరునుండి వెలువడిన కాగితముమీద నదియే నల్లబడి, కొంచెము పచ్చదనము తిరిగియుండెను. మా వదినెగారు చూచి, "ఇది వారి ముఖము కాదు" అని కంటతడి పెట్టిరి. మనుమడు ఫోనులోని పటమునే దిద్దబోగా నేను వారించితిని. దోషమెచ్చటనో తెలియక మూలమును మార్చుట, లేఖకుని తప్పునకు మాతృకను కొట్టివేయుట వంటిది గదా!

తెర స్వయముగా వెలుగునిచ్చును. ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగులు కలసి తెలుపగును. కాగితమునకు స్వయంప్రకాశము లేదు. సయాను, మెజెంటా, పసుపు, నలుపు సిరాలు తమపై బడిన వెలుగులో కొంత హరింపగా మిగిలినదే మనకు రంగుగా దోచును. కావున తెరపై మెఱయు కొన్ని వన్నెలు సిరాకు అందనే అందవు. ఇది దోషము కాదు, స్వభావము.

తక్కిన దోషములను వెదకుట కొక క్రమము కలదు. మొదట తెర ప్రక్కన తెల్లకాగిత ముంచి, రెండును సమముగా దోచువఱకు తెర ప్రకాశమును తగ్గింపవలెను. మితిమీఱిన వెలుగు గల తెరను నమ్మినవారికి ముద్రిత పటము నల్లగానే తోచును. రెండవది, ప్రింటరులో నాజిల్ చెక్ అను పరీక్షాపత్రము తీయవలెను. గీతలు తెగియున్నచో సిరారంధ్రము పూడినదని యర్థము. మూడవది, కాగితపు జాతిని సెట్టింగులలో సరిగా నెన్నుకొనవలెను. సాదాకాగితమునకును ఫోటోకాగితమునకును సిరా మోతాదు వేఱు. నాలుగవది, రంగుల సవరణను ప్రోగ్రామునకో ప్రింటరునకో యొక్కదానికే యప్పగింపవలెను. ఒకరినొక రెఱుగని యిరువురు వైద్యులు మందిచ్చినట్లు, రెండును దిద్దినచో రంగు చెడును. పటము ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణములో నుండుట క్షేమము. 1996లో ప్రతిపాదింపబడిన యీ పద్ధతి 1999లో అంతర్జాతీయ ప్రమాణమైనది. కడపట, సిరా యారిన పిమ్మట పటమును పగటి వెలుతురున చూడవలెను. దీపపు వెలుగు రంగును మార్చి చూపును.

మా యింటి పరీక్షాపత్రమున మెజెంటా గీతలు సగము లేవు. ఆ సిరా కొఱవడినందుననే పచ్చదన మెక్కినది. రంధ్రములను శుద్ధిచేసి, తెర వెలుగు తగ్గించి పటమును సరిచూచి, తొలుత చిన్న కాగితముపై తీసి, పిమ్మట పెద్దది తీసితిమి. వదినెగారు దానిని వాకిటి వెలుతురునకు గొనిపోయి చాలసేపు చూచి, "వారే" అనిరి.

మూలమును భద్రపఱచుడు, ప్రతిని దిద్దుకొనుడు.