బతికున్న రచయిత మీద విమర్శ

  ఈ ధర్మనిధి ఉపన్యాసం ఎవరి పేరనో, ఆ మాస్టారి సేవల గురించి ముందు వక్తలు చెప్పారు. నాకు గుర్తున్నది వేరు. ఆయన పట్టుకెళ్లిన నా ‘కవిత్వతత్త్వ విచారము’ ప్రతి మళ్లీ నా ఇంటికి రాలేదు. అడిగితే, “నువ్వొప్పుకోని పుస్తకం నీకెందుకోయ్?” అన్నారు. ఇవాళ్టి మాట ఆ ఒప్పుకోకపోవడం గురించే.

కట్టమంచి రామలింగారెడ్డి గారి ఆ గ్రంథంతో, 1914లో, తెలుగులో ఆధునిక విమర్శ మొదలైందని తరగతి గదుల్లో చెబుతూ వచ్చాం. ఆ తర్వాతి విమర్శకులు అక్కిరాజు ఉమాకాంతం, రాళ్లపల్లి, రారా మీకు తెలిసినవారే. వాళ్ల జోలికి పోను. నా పేచీ ఆ తేదీతో.

1876లో కందుకూరి వీరేశలింగం ‘విగ్రహతంత్ర విమర్శనము’ రాశారు. చిన్నయసూరి మిత్రలాభ, మిత్రభేదాల దగ్గర ఆగితే, కొక్కొండ వెంకటరత్నం పంతులు ఆ తర్వాతి భాగమైన విగ్రహం రాశారు. దాని మీద విమర్శ అది. కట్టమంచి వారు ఎంచుకున్న పింగళి సూరన లేచి వచ్చి జవాబు చెప్పేవాడు కాదు. కొక్కొండ వారు అలా కాదు, చేతిలో పత్రిక ఉన్న మనిషి. ఆయన ‘హాస్యవర్ధని’కి పోటీగా వీరేశలింగం ‘హాస్యసంజీవని’ నడిపారు. జవాబివ్వగల మనిషి పుస్తకాన్ని పట్టుకుని తప్పొప్పులు తేల్చడమే నా లెక్కలో విమర్శకు తొలి అడుగు.

ఎస్వీ రామారావు గారి ‘తెలుగులో సాహిత్య విమర్శ’ చదివినవారికి ఈ పేర్లు కొత్త కావు. పేచీ వాటి బరువు దగ్గర వస్తుంది. వీరేశలింగం గారి విమర్శ సొంత కక్ష అంటారు. విగ్రహాన్ని వీరేశలింగం కూడా రాశారు కాబట్టి, అవును, పోటీ ఉంది. కానీ ఆ పోటీ అప్పటి పాఠకుడికి తెలుసు. ఇప్పటి సమీక్షకుడికీ కవికీ ఉన్న స్నేహం మనకెవరు చెబుతున్నారు? భాషాదోషాల ఏకరువే తప్ప అందులో సిద్ధాంతం లేదని రెండో ఆక్షేపణ. దోషం చూపిస్తే పాఠకుడు పుస్తకం తెరిచి సరిచూసుకోగలడు. ‘రసస్ఫూర్తి లోపించింది’ అంటే ఏ పేజీ తెరవాలి? పైగా ఇది ఒక్కసారి జరిగి ఆగిన జగడం కాదు. తర్వాత కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి ‘వివేకచంద్రికా విమర్శనము’తో వీరేశలింగం గారి ‘రాజశేఖర చరిత్ర’నే నిలదీశారు. వడ్డించిన చేతికే వడ్డన జరిగింది.

ఇప్పుడు సమీక్షకు రెండు ప్రతులు పంపమంటారు. పంపిన పుస్తకంలో ముందుమాటలు మూడుంటాయి. ఆదివారం అనుబంధంలో వచ్చే పది వాక్యాలు వాటిలోంచి ఏరినవే. సమీక్షకుణ్ణి నేను తప్పు పట్టను, అతనికి ఇచ్చిన చోటు అంతే. అయితే ‘అవశ్యపఠనీయం’ అనే మాటను కొన్నాళ్లు నిషేధించాలని మాత్రం అనిపిస్తుంది.

అందుకే ప్రస్తుతం నేను పాత పత్రికల్లోని పుస్తక సమీక్షలకు సూచిక తయారుచేస్తున్నాను. ‘భారతి’తో మొదలుపెట్టాను. 1924 నుంచి 1991 దాకా నడిచిన పత్రిక. ఏ పుస్తకం మీద ఎవరు రాశారు, రచయిత జవాబిచ్చాడా, ఆ జవాబుకు జవాబు వచ్చిందా అన్న మూడు గళ్లు పెట్టుకున్నాను. మూడో గడి నింపడమే కష్టం. లేఖలు అట్టల లోపలి వైపుకో, ప్రకటనల పక్కకో జరిగిపోయాయి. బైండింగు చేసేవాళ్లు ముందు తీసిపారేసేది ఆ కాగితాలనే. మీ ఇళ్లలో అట్టలు ఊడని విడి సంచికలుంటే నాకివ్వక్కర్లేదు. ఒక పూట కూర్చుని ఫొటోలు తీసుకోనివ్వండి చాలు.