ట్రాక్టరును ఎవరి చేతిలో పెట్టాలి?



ఎద్దును కొనేటప్పుడు మన రైతు ఎంత జాగ్రత్తగా వుంటాడో మీకు తెలియనిది కాదు. పళ్ళు లెక్కపెడతాడు. మూపురం చూస్తాడు. నాలుగడుగులు నడిపించి గిట్ట పడే తీరు చూస్తాడు. సుళ్ళు వెతుకుతాడు. ఊళ్ళో తెలిసినవాణ్ణి వెంట తీసుకొని పోతాడు. ఇంత చేసినా ఇంటికి తోలుకొని వచ్చినదాకా మనసు కుదుటపడదు. అటువంటి రైతే లక్షలు పోసి కొన్న ట్రాక్టరు చెడిపోయినప్పుడు ఏం చేస్తున్నాడు? దారిలో కనిపించిన షెడ్డులోకి తోలి, తాళంచెవి మేస్త్రీ చేతిలో పెట్టి, “ఏదో చూసి బాగుచెయ్యవయ్యా” అని టీ తాగడానికి పోతున్నాడు. ఎద్దు విషయంలో వున్న మెలకువ యంత్రం విషయంలో ఎందుకు వుండకూడదు? ఈ సంగతే ఇవాళ మీతో ముచ్చటించదలచాను.

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాలు చాలావరకు వాన మీద ఆధారపడిన మెట్ట ప్రాంతాలు. “అదనెరిగి సేద్యం, పదునెరిగి పైరు” అన్న సామెత మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. మన ఎర్రనేలల్లో వాన పడిన తరువాత పదును నాలుగైదు రోజులకంటే ఎక్కువ నిలవదు. ఆ నాలుగు రోజుల్లో ట్రాక్టరు షెడ్డులో విప్పి పడివుంటే, పోయేది మరమ్మతు ఖర్చు ఒక్కటే కాదు, ఆ యేటి పంట. అందుచేత మంచి షెడ్డు ఏది, చెడ్డ షెడ్డు ఏది అన్నది సేద్యానికి సంబంధించిన ప్రశ్నే.

నా ఎరుకలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. తర్లుపాడు వైపు ఒక రైతు కంది వేయడానికి దుక్కి మొదలుపెట్టాడు. ట్రాక్టరు సరిగా లాగడం లేదు, నల్లపొగ వస్తున్నది. దగ్గరలో వున్న షెడ్డుకు తోలాడు. మేస్త్రీ బోనెట్టు మీద చెయ్యి వేసి, శబ్దం విని, “ఇంజను బోరుకు వచ్చింది, దించాలి” అన్నాడు. రైతు సరేనన్నాడు. ఎంత అవుతుందని అడగలేదు. పదకొండు రోజులు పట్టింది. కొత్త పిస్టన్లు, లైనర్లు, రింగులు అన్నారు. తీసిన పాతవి ఏవంటే, “పాతసామాను వాడికి వేశాం” అన్నారు. డబ్బు కట్టి ట్రాక్టరు తెచ్చుకొని పొలంలో దించితే మళ్ళీ అదే నల్లపొగ. ఇంకొక మెకానికుకు చూపించాడు. ఆయన ముందుగా ఎయిర్ క్లీనరు విప్పాడు. అడుగున నూనె లేదు, వున్నదంతా గట్టిబడ్డ మట్టి. జాలీ పూర్తిగా మూసుకొనిపోయింది. దానిని డీజిలుతో కడిగి, కొత్త నూనె పోసి, డీజిలు ఫిల్టరు మార్చాడు. ఒక్క పూటలో ట్రాక్టరు మామూలుగా లాగింది. కాని అప్పటికి పదును పోయింది. కంది వెనకబడింది.

మొదటి షెడ్డు వాడు మోసం చేశాడా, లేక వాడికే తెలియలేదా? అది మనం తేల్చలేము. తేల్చనక్కరా లేదు. తెలియనివాడి చేతిలో పెట్టినా, మోసగాడి చేతిలో పెట్టినా రైతుకు జరిగే నష్టం ఒక్కటే. అందుచేత మేస్త్రీ మంచివాడా అని మొహం చూసి నిర్ణయించడం కంటే, అతని పని పద్ధతి చూడడం మేలు. దానికి మూడు గుర్తులు చెబుతాను. విప్పకముందు చెప్పేవాడు, విప్పిన తరువాత చూపించేవాడు, బిగించిన తరువాత రాసిచ్చేవాడు మంచి మెకానికు. ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా విడమరచి చెప్పుకొందాం.

మొదటిది, విప్పకముందు చెప్పడం. ఇందులో మనవంతు కూడా వున్నది. షెడ్డుకు పోయి “పంపు చెడిపోయింది, విప్పు” అని మనమే అనకూడదు. అలా అంటే పంపు బాగున్నా విప్పుతారు, డబ్బు తీసుకొంటారు. “చల్లగా వున్నప్పుడు బాగానే లేస్తుంది, గంట దున్నిన తరువాత శక్తి తగ్గుతుంది, పొగ నల్లగా వస్తుంది” అని లక్షణం చెప్పాలి. వైద్యుడి దగ్గర జ్వరం సంగతి చెబుతాం గాని మందు పేరు చెప్పము గదా. ఇదీ అంతే.

పొగ రంగు మన కంటికి కనిపించే మంచి గుర్తు. నల్లపొగ వస్తే గాలి చాలకపోవడమో, డీజిలు ఎక్కువ పడడమో కారణం. ముందుగా చూడవలసింది ఎయిర్ క్లీనరు, తరువాత నాజిళ్ళు. నీలంపొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతున్నదన్నమాట. రింగులో, వాల్వు గైడులో అరిగివుండవచ్చు. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ ఆగకపోతే, రేడియేటరులో నీళ్ళు తగ్గుతున్నాయా, ఆయిలు పాలు కలిసినట్టు తెల్లబడిందా చూడాలి. అట్లా వుంటే నీళ్ళు లోపలికి దిగుతున్నాయి, హెడ్డు గాస్కెట్టు మీద అనుమానం పెట్టుకోవాలి. చలిలో లేపినప్పుడు కాసేపు వచ్చే తెల్లపొగకు భయపడనక్కరలేదు.

చవకైన పరీక్ష ముందు, ఖరీదైన పని తరువాత. మంచి షెడ్డు నడిచే దారి ఇదే. లాగడం లేదంటే గాలి, డీజిలు ఫిల్టర్లు, డీజిలు గొట్టంలో చేరిన గాలి, నాజిళ్ళు, టాపెట్ల సందు వరుసగా చూస్తాడు. లిఫ్టు లేవడం లేదంటే ముందు ఆయిలు మట్టము, ఫిల్టరు చూస్తాడు. క్లచ్చి జారుతున్నదంటే ముందు పెడలు ఆట సరిచేసి చూస్తాడు. అన్నీ అయిన తరువాతే పెద్దపని మాట ఎత్తుతాడు. ఇంజను బోరుకు వచ్చిందంటే కంప్రెషను పరీక్ష చేశావా అని అడగండి. విప్పిన తరువాత లైనరు అరుగుదలను బోరుగేజితో కొలవాలి, క్రాంకు అరుగుదలను మైక్రోమీటరుతో కొలవాలి. వేలు పెట్టి తడిమి చెప్పే లెక్క కాదది.

పని మొదలుకాకముందే కూలి ఎంత, సామాను ఎంత, ఎన్ని రోజులు అని విడివిడిగా అడగాలి. ఒక కాగితం మీద రాయించుకోవాలి. “విప్పిన తరువాత ఇంకేదైనా బయటపడితే నాకు ఫోను చెయ్యి, నేను సరేనన్న తరువాతే చెయ్యి” అన్న మాట కూడా అందులో వుండాలి. వచ్చిన రోజు గంటల మీటరు ఎంత చూపుతున్నదో, ట్యాంకులో డీజిలు ఎంత వున్నదో, బ్యాటరీ, టైర్లు ఏ కంపెనీవో రాసుకోండి. చేతిలో సెల్‌ఫోను వున్నవారు నాలుగు వైపులా ఫోటో తీసుకొంటే ఇంకా మంచిది.

రెండవది, విప్పిన తరువాత చూపించడం. తీసిన ప్రతి పాత సామానూ మీకు తిరిగి ఇవ్వాలని ముందే చెప్పండి. పాత రింగు, పాత బేరింగు మీ చేతిలో వుంటే, నిజంగా మార్చాడా లేదా అన్న అనుమానమే రాదు. కొత్త సామాను అట్టపెట్టె మీ ఎదుట విప్పమనండి. పెట్టె మీద పార్టు నంబరు, తయారైన నెల, గరిష్ఠ ధర వుంటాయి. ఆ నంబరు మీ ట్రాక్టరు పుస్తకంలోని నంబరుతో సరిపోవాలి. మన ప్రాంతంలో పెద్ద సామాను అన్నివేళలా దొరకదు. గిద్దలూరు వైపువారు నంద్యాలకో, మార్కాపురం వైపువారు ఒంగోలుకో మనిషిని పంపవలసివస్తుంది. ఆ తొందరలోనే నకిలీ సామాను చొరబడుతుంది. ఇంజను ఆయిలు డబ్బా కూడా మీ కళ్ళముందే మూత తియ్యాలి. ఖాళీ డబ్బాకు రంధ్రం పొడిచి పారవెయ్యండి. లేకపోతే అందులోనే వాడిన ఆయిలు వడగట్టి నింపి ఇంకొక రైతుకు అమ్మే ప్రమాదం వున్నది.

ఇక్కడ ఒక చెడ్డ పద్ధతి గురించి హెచ్చరించాలి. లాగడం లేదని పోతే, అసలు లోపం వెతకకుండా పంపు సీలు తెంచి, స్క్రూ తిప్పి, డీజిలు ఎక్కువ పడేట్టు చేసి పంపేవారున్నారు. ఆ రోజుకు ట్రాక్టరు గుర్రంలాగా లాగుతుంది, రైతు సంతోషిస్తాడు. కాని డీజిలు ఖర్చు పెరుగుతుంది, ఇంజను వేడెక్కుతుంది, ఆయుర్దాయం తగ్గుతుంది. పంపు పని పరీక్షా యంత్రాలున్న డీజిలు పంపు షాపులోనే చేయించాలి.

మూడవది, బిగించిన తరువాత రాసివ్వడం. బిల్లులో కూలి వేరు, సామాను వేరు, పార్టు నంబరు, తేదీ, గంటల మీటరు అంకె వుండాలి. పనికి ఎన్నాళ్ళు పూచీ అన్నది కూడా రాయించండి. హెడ్డు బోల్టులు టార్కు రెంచితో కంపెనీ చెప్పిన వరుసలో బిగించారా అని అడగండి. డబ్బు ఇచ్చేముందు షెడ్డు చుట్టూ తిప్పి చూస్తే చాలదు, బరువు మీద నడిపి చూడండి. ఇంజను పెద్దపని చేయించినవారు కంపెనీ పుస్తకంలో చెప్పినన్ని గంటలు తేలికపాటి పనే చేయించి, తరువాత ఆయిలు మార్పించవలెను. కొత్త ట్రాక్టరుకు వారంటీ వున్నన్నాళ్ళు కంపెనీ సర్వీసు చోటే పని చేయించండి. బయట విప్పిస్తే వారంటీ పోవచ్చు. ట్రాలీ ఆటోలో కూరగాయలు, మిరపకాయ వేసుకొని పోయే సోదరులకు కూడా ఈ మాటలన్నీ వర్తిస్తాయి.

ఇంతవరకు షెడ్డు వాడి సంగతి చెప్పాను. మన సంగతి కూడా ఒకటి చెప్పకపోతే న్యాయం కాదు. మనం కూలి దగ్గర గట్టిగా బేరం చేస్తాం. సామాను దగ్గర నోరెత్తము. రోజంతా బండి కింద పడుకొని పనిచేసినవాడికి వందలు తగ్గించి, ఆ మిగతా డబ్బు కూడా “పంట మీద ఇస్తాలే” అని వచ్చేస్తాం. మరి వాడు ఎట్లా బ్రతకాలి? కూలిలో పోయినదాన్ని సామానులో రాబట్టుకొంటాడు. అవసరం లేని సామాను మార్చడానికి ఇదొక కారణం. అందుచేత మంచి పనివాడికి కూలి పూర్తిగా, ఆ రోజే ఇవ్వండి. “దీనికి ఏమీ అక్కరలేదు, ఫిల్టరు కడిగితే చాలు” అని నిజం చెప్పినవాడికి ఆ నిజానికి కూడా కూలి ఇవ్వండి. అటువంటి మెకానికు వూళ్ళో నిలబడితే పదూళ్ళకు మేలు.

తగాదా వస్తే ఏం చెయ్యాలి? చట్టం రెండు వైపులా వున్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒప్పుకొన్న పని చేసినవాడు తన కూలి ముట్టేదాకా బండిని తన దగ్గర వుంచుకోవచ్చు. కాబట్టి దౌర్జన్యంగా తోలుకొని రావడం పనికిరాదు. అదే చట్టం ప్రకారం తన దగ్గర వున్న బండిని జాగ్రత్తగా చూసుకోవలసిన బాధ్యత అతనిది. ఇక పని చెడగొట్టినా, వెయ్యని సామానుకు డబ్బు తీసుకొన్నా, 2020 జూలై నుంచి అమలులో వున్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం క్రింద జిల్లా వినియోగదారుల కమిషనుకు ఫిర్యాదు చేసుకోవచ్చు. రెండేళ్ళలోపల చెయ్యాలి. చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే రుసుము లేదు. రైతు వినియోగదారుడు కాడని ఎవరైనా అంటే నమ్మవద్దు. ఆంధ్రప్రదేశ్ రైతులు విత్తనాల విషయంలో వేసిన కేసుల్లో, రైతు కూడా వినియోగదారుడేనని 2012లో సుప్రీం కోర్టు చెప్పింది. ముందుగా 1915 నంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు. కాని బిల్లు, కాగితం, పాత సామాను చేతిలో లేకపోతే ఏ కమిషనూ ఏమీ చెయ్యలేదు.

అన్నిటికంటె మేలైన మార్గం షెడ్డు అవసరాన్నే తగ్గించుకోవడం. పలకల గనుల దగ్గర రాతిదుమ్ము, ఎర్రనేలల్లో మట్టిదుమ్ము మన ఇంజన్లకు పెద్ద శత్రువులు. దుక్కి రోజుల్లో ఎయిర్ క్లీనరును ప్రతిరోజూ చూడండి. ఆయిలు, నీళ్ళు తెల్లవారగానే చూడండి. పెద్ద మరమ్మతులు ఎండాకాలంలోనే ముగించండి, తొలకరి దాకా ఆగవద్దు. చదువుకొన్న కుర్రవాళ్ళను అనంతపురం జిల్లా గార్లదిన్నెలో వున్న కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థకు పంపితే, ట్రాక్టరు నడకా, మరమ్మతూ నేర్చుకొని వస్తారు. గ్రామాల్లో పనిచేసే విస్తరణ కార్యకర్తలు కూడా రైతులను కూడదీసి, తొలకరికి ముందు ఒకరోజు మంచి మెకానికును పిలిపించి, ఎయిర్ క్లీనరు కడగడం, డీజిలు గొట్టంలో గాలి తియ్యడం చేసి చూపిస్తే ఎంతో వుపకారం చేసినవారవుతారు.

విప్పకముందు చెప్పాలి, విప్పిన తరువాత చూపించాలి, బిగించిన తరువాత రాసివ్వాలి. ఈ మూడు మాటలు గుర్తుంచుకోండి. ఈసారి వాన పడిన రోజు మీ ట్రాక్టరు పొలంలోనే వుండాలని కోరుకొంటున్నాను.