వంటింటి పొగయు మన చేతిపనియు

(ములుగునందు మన విశ్వబ్రాహ్మణ సంఘ వార్షికసభలో చేసిన ప్రసంగము)



కార్యదర్శిగారు నన్ను విద్యావిషయమును గూర్చి ప్రసంగింపుమనిరి. ముప్పదియేండ్లకు పైగా పాఠములు చెప్పినవాడను గావున అది నాకు సులభము. అయినను నేడు పొయ్యిని గూర్చి మాటలాడ దలచితిని. మన్నింపుడు.

పొగను చూచి నిప్పును ఊహించుట తర్కశాస్త్రమున మొదటి పాఠము. కొండమీద పొగ కలదు గావున నిప్పు కలదని నేను వసారాలో వల్లించుచుండగా, లోపల మా తల్లి ఊదుగొట్టముతో పచ్చికట్టెల నూదుచు దగ్గుచుండెడిది. ఆ పొగనుండి యేమి ఊహింపవలెనో మా గురువులును చెప్పలేదు, నాకును తోచలేదు.

ఇది గతించిన కథ యని తలపకుడు. 1999లో దీపం పథకమును, 2016లో ఉజ్వల పథకమును గ్యాసుబండలను పేదల యిండ్లకు చేర్చినవి; మేలు జరిగినది. అయినను 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి, దేశమునందలి గ్రామసీమలలో పొగలేని యింధనమును ముఖ్యముగా వాడు ఇండ్లు నూటికి 43 మాత్రమే. బండకు డబ్బు చాలని నెలలో తాడ్వాయి, ఏటూరునాగారము త్రోవలలో కట్టెలమోపులు మరల కానవచ్చును.

మా యింటి సంగతి చెప్పెదను. 1980ల దశకమున మా తండ్రిగారు పెరటిలో గోబరుగ్యాసు తొట్టి కట్టించిరి. పేడకు సమానముగా నీరు కలిపి పోసినచో, గాలి చొరని గోపురముక్రింద అది పులిసి మండెడు వాయువగును. మిగిలిన మడ్డి పొలమునకు ఎరువు. రెండు ఘనమీటర్ల తొట్టికి దినమునకు సుమారు 50 కిలోల పేడ వలయును. రెండేండ్లు మా తల్లి దగ్గక వండినది. మూడవయేట గోపురమున వెండ్రుకవాసి పగులు వచ్చినది. కట్టినవారు మరల రాలేదు. మేమో! కొలిమిముందర పుట్టి ఇనుమును మైనమువలె వంచు వంశమువారము. ఆ పగులు పూడ్చుకొనక, తిరిగి ఊదుగొట్టమునే ఆమె చేతికిచ్చితిమి. ఇది చెప్పుకొనుటకు నాకు నేటికిని సిగ్గు.

కర్ణాటకమున, అనంతపురపు సీమ నానుకొని, తెలుగు మాటలాడు బాగేపల్లి కలదు. అచ్చట 1977లో స్థాపితమైన అడాట్స్ అను సేవాసంస్థ కూలిజనులను సంఘములుగా కూర్చినది. గ్యాసు మాట చాలకాలమునకు గాని రాలేదు. ముందు సంఘము, పిదప యంత్రము. ఈ క్రమమును గమనింపుడు. 2005 డిసెంబరులో క్యోటో ఒడంబడిక క్రింద వారి పథకము నమోదయ్యెను. రెండు ఘనమీటర్ల తొట్లు 5,500. కట్టెలు, కిరసనాయిలు కాల్చకుండుటచే తగ్గిన బొగ్గుపులుసు వాయువును లెక్కగట్టి విదేశీయులకు విక్రయించి, ఆ ధనముతో తొట్లు కట్టిరి. పొగలేమిని అమ్మిరన్నమాట! అభావమును గూడ నొక పదార్థమని తార్కికులనగా నవ్వినవారు దీనికేమందురో!

అయితే ఏ యింట పొయ్యి వెలుగుచున్నదో, ఏ యింట ఆగినదో లెక్క చూపనిదే ఆ సొమ్ము రాదు. కనుక ఆగిన పొయ్యిని వెలిగించుట అందరి పనియైనది. మా పెరటిలో లేనిది అదియే. మన తెలంగాణమునందే, జైనూరు మండలమునందలి పవర్‌గూడ స్త్రీల సంఘము వారు 2003లో కానుగచెట్ల ఆధారమున ఇట్టి విక్రయమే చేసి ప్రపంచబ్యాంకు నుండి 645 డాలర్లు పొందిరి.

ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు తగ్గినవి, పేడ యెక్కడిదని మీరడుగుదురు. నిజము. నేడు రెండిండ్లవారు కలసినగాని యొక తొట్టి నిండదు. ఆ పొత్తు కుదుర్చుట గోపురము కట్టుటకంటె కష్టమని నా యనుమానము. అయినను బాగుచేయు చేతులు మాత్రము మనవద్ద కలవు. 1213 నాటి శాసనముగల రామప్ప గుడి శిఖరమున నీట తేలు ఇటుకలను పేర్చిన సీమ యిది. ఇంత చిన్న ఇటుకగోపురపు పగులు మూయువారు దొరకరా?

పోషకులను నేను కోరునది స్వల్పము. సన్మానపు శాలువలకగు వ్యయములో సగము మిగిల్చి, గ్రామమునకు ఇద్దరు యువకులకు, ఒకరు తాపీపనివారు, ఒకరు కమ్మరి, ఈ మరమ్మతు నేర్పింపుడు. పాడుపడిన తొట్ల జాబితాను నేను వ్రాసియిత్తును. మొదటి పాఠమునకు మా పెరటిలోనిది సిద్ధముగా నున్నది. అందులోని విరిగిన పెంకులను మొన్ననే తీయించితిని.